గండిపేటకు నీళ్ళు పట్టే నేలకు కూలి ఎవరిస్తారు?



ఈ వీడియోలో మీరు చూస్తున్న మడి మాదే. మొయినాబాద్ మండలం. క్యారెట్, మధ్యలో ఉల్లి, గట్ల మీద కంది, చుట్టూ బంతి. గట్టి వాన పడిన మర్నాడు పొద్దున తీశాం. ఒకసారి జాగ్రత్తగా చూడండి. మా మడిలో నీళ్ళు నిలవలేదు. గట్టు అవతల తెల్ల గోడ పక్కన మాత్రం మోకాలి లోతు నీళ్ళున్నాయి. ఆ గోడ లోపల ఉన్న అర ఎకరం కూడా ఒకప్పుడు మాదే. నాన్న ఆస్పత్రి ఖర్చులకు నేనే అమ్ముకున్నాను. ఎప్పుడూ జీవామృతం, కషాయాల గురించి చెప్పుకుంటాం కదా, ఈసారి ఆ గోడ గురించి మాట్లాడుకుందాం.

ముందు మా ప్రాంతం సంగతి. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో హైదరాబాద్‌లో వేల మంది చనిపోయారు. మళ్ళీ అట్లాంటి ముప్పు రాకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఊరికి పైన నీళ్ళను ఆపాలి అన్నాడాయన. అట్లా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ నది మీద 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే మేం గండిపేట అంటాం. వరదను ఆపడానికి కట్టిన ఈ రెండు చెరువులే తర్వాత నగరానికి తాగునీళ్ళూ ఇచ్చాయి.

చెరువు కట్ట కడితే సరిపోదు, నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో ఆ నేల కూడా బాగుండాలి. అందుకే 1996 మార్చి 8న జీఓ 111 వచ్చింది. రెండు చెరువుల నిండు మట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపల కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు వద్దన్నారు. 84 ఊళ్ళు, సుమారు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. ఒక నూనె ఫ్యాక్టరీకి ఇచ్చిన మినహాయింపు కేసులో 2000లో సుప్రీంకోర్టు కూడా తాగునీటి విషయంలో ఇట్లాంటి మినహాయింపులు చెల్లవని చెప్పింది. 2022 ఏప్రిల్‌లో జీఓ 69తో ఆ ఆంక్షలు తీసేశారు. 2023 మేలో జీఓ 111ను పూర్తిగా రద్దు చేస్తామని అప్పటి మంత్రివర్గం ప్రకటించింది. కాగితం సంగతి ఎట్లున్నా, ఆ మాట బయటికి వచ్చిన రోజు నుంచి మా ఊళ్ళల్లో కార్లు తిరగడం పెరిగింది.

మొన్న ఒక బ్రోకర్ తమ్ముడు గట్టు మీదికే వచ్చాడు. "అన్నా, ఇంక ఎన్నేండ్లు పేడ పిసుక్కుంట ఉంటవ్? ఇప్పుడు అమ్మకుంటే ఇంకెప్పుడు అమ్ముతవ్?" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. పక్క పొలం కాకా మాత్రం ఊరుకోలేదు. కానీ ఆయన కోప్పడింది బ్రోకర్ మీద కాదు, నా మీద. "నువ్వేందిరా, చెరువు చెరువు అంటవ్. సిటోళ్ళు తాగే నీళ్ళకు ఇరవై అయిదేండ్లు కావలున్నం. ఒక్క రూపాయన్న కూలి ఇచ్చిండ్రా మనకు?"

మిత్రులారా, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పర్యావరణం గురించి మాట్లాడేవాళ్ళలో చాలామంది దగ్గర కూడా లేదు. జీఓ ఎత్తేయమని ఏళ్ళ తరబడి అడిగింది ఎక్కువగా ఈ 84 ఊళ్ళ జనమే. వాళ్ళకు చెట్టు మీద పగ లేదు. గండిపేట కట్ట మీద నిలబడితే కోకాపేట టవర్లు కనబడతాయి. 2023 ఆగస్టులో అక్కడ ప్రభుత్వం వేసిన వేలంలో ఒక ఎకరం 100.75 కోట్లు పలికింది. ఇటు పక్కన అదే మట్టి, అదే వాన. ఇక్కడి రైతు మాత్రం బిడ్డ పెళ్ళికి ఎకరం అమ్ముదామంటే సరైన రేటుకు కొనేవాడు లేడు. నగరం కోసం ఆంక్ష పెట్టారు, దాని నష్టం మొత్తం రైతు పాస్‌బుక్‌లో రాశారు. అట్లాంటి ఆంక్ష ఎంతకాలం నిలుస్తుంది?

కాబట్టి నా మాట ఇది. జీఓ ఉంచాలా తీసేయాలా అని మాత్రమే కొట్లాడుకుంటే ఈ పచ్చదనం దక్కదు. నీళ్ళు పట్టే నేలకు నగరం కూలి కట్టాలి. ఆ కూలి మీద మొదటి హక్కు విషం లేకుండా పండించే రైతుది.

"అంత భయమెందుకు, ఫామ్‌హౌస్‌లు వచ్చినా చెట్లు పెడతారు, పచ్చగానే ఉంటుంది కదా" అంటారు కొందరు. పచ్చగా కనబడటం వేరు, నీళ్ళు తాగడం వేరు. మా పాత అర ఎకరాన్నే చూడండి. కొన్నాయన మంచాయనే, కనబడితే పలకరిస్తాడు. కానీ ముందు జేసీబీతో నేల చదును చేయించాడు. చుట్టూ గోడ కట్టాడు. ఆ గోడ మా ఊరి కుంటకు పోయే వరద కాలువకు అడ్డం పడింది. లోపల లాన్ వేశాడు, దానికి రోజూ బోరు నీళ్ళు. పిచ్చి మొక్కలు రాకుండా గడ్డిమందు కొట్టిస్తాడు. దారి మీద సిమెంటు ఇటుకలు పరిచాడు. డ్రోన్ పైనుంచి చూపిస్తే పచ్చగా, అందంగానే ఉంటుంది. కానీ ఆ నేల తాగే నీళ్ళు తగ్గాయి, తోడే నీళ్ళు పెరిగాయి. ఇప్పుడు రోడ్ల వెంబడి కనబడే "ఫామ్ ప్లాట్లు" కూడా ఇదే తంతు. ఎకరాన్ని గుంటలుగా కోసి, కడీలు పాతి, నాలుగు మామిడి మొక్కలు పెట్టి దాన్నే ప్రకృతి జీవనం అని అమ్ముతున్నారు. మనం ఏళ్ళ తరబడి చెమటోడ్చి మంచిపేరు తెచ్చిన మాటను వాళ్ళు హోర్డింగ్ మీద వాడుకుంటున్నారు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఎకరం మీద పడే నీళ్ళు లక్ష లీటర్లు. ఏడాదికి 800 మిల్లీమీటర్లు అనుకుంటే 32 లక్షల లీటర్లు. ఆ నీళ్ళు ఏమవుతాయన్నది నేల మీద ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. సిమెంటు ఉంటే పడిన నిమిషంలో మురుక్కాలువ పడుతుంది. దుక్కి దున్ని బోడిగా వదిలిన నేల అయితే మట్టిని కూడా మోసుకుపోతుంది. ఆచ్ఛాదన వేసిన నేల, వానపాములు తొలిచిన నేల, వేర్లు దిగిన నేల అయితే లోపలికి దిగుతుంది. కొంత పంటకు, కొంత బావికి, కొంత మెల్లగా వాగు ద్వారా చెరువుకు చేరుతుంది. మనం దీన్ని వాపస అని, తేమ అని మన పంట కోసమే చెప్పుకుంటాం. నిజానికి అదే పని నగరానికీ వరద తగ్గిస్తోంది. 2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్‌లో కాలనీలు రోజుల తరబడి నీళ్ళల్లో ఉన్నాయి. పైన ఉన్న నేల కూడా సిమెంటు అయిపోతే ఆ నీళ్ళు ఇంకా ఎక్కువగా, ఇంకా తొందరగా కిందికి వస్తాయి.

"ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్ళు వస్తున్నాయి, ఇంక గండిపేటతో పనేముంది" అనేది ఇంకో వాదన. నగరం ఎక్కువగా తాగేది ఇప్పుడు ఆ నీళ్ళే, కాదనను. కానీ అవి వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి మోటార్లతో ఎత్తిపోస్తే వచ్చే నీళ్ళు. ప్రతి చుక్క వెనక కరెంటు బిల్లు ఉంటుంది. గండిపేట నీళ్ళు వాలు మీద వాటంతటవే వస్తాయి. ఇంట్లో బావి ఉండగా ట్యాంకర్ వస్తోంది కదా అని బావి పూడ్చుకుంటామా?

కూలి ఇవ్వడం అయ్యే పనేనా అని అడుగుతారు. అయిన చోటు ఉంది. న్యూయార్క్ నగరానికి నీళ్ళు ఎక్కువగా క్యాట్‌స్కిల్ కొండల వైపు నుంచి వస్తాయి. అక్కడ పాడి రైతులు ఎక్కువ. 1990లో నగరం వాళ్ళ మీద కఠినమైన నిబంధనలు పెట్టబోయింది. రైతులు తిరగబడ్డారు, మా కాకా అడిగిన ప్రశ్నే వాళ్ళూ అడిగారు. నిబంధనలు పట్టుకుని కూర్చుంటే పని కాదని నగరానికి అర్థమైంది. కొన్ని వందల కోట్ల డాలర్లు పెట్టి ఫిల్టర్ ప్లాంట్ కట్టే బదులు రైతుతోనే ఒప్పందానికి వచ్చింది. పేడ వాగులో కలవకుండా గుంతలు, వాగు గట్లకు కంచెలు, అన్నీ నగరం ఖర్చుతోనే. చేరాలా వద్దా అన్నది రైతు ఇష్టం. 1997లో ఊళ్ళకూ నగరానికీ మధ్య పెద్ద ఒడంబడిక కుదిరింది. ఆ తర్వాత భూమిలో కట్టడాలు కట్టే హక్కును మాత్రం కొనుక్కోవడం మొదలుపెట్టారు. భూమి రైతుదే, పంట రైతుదే, కావాలంటే అమ్ముకోవచ్చు కూడా. ప్లాట్లు మాత్రం చేయకూడదు. దానికి డబ్బు ముందే చేతికి వస్తుంది.

మన దగ్గర ఎట్లా చేయొచ్చో నాకు తోచినవి చెప్తాను.

మొదటిది, ఈ 84 ఊళ్ళల్లో సాగులో ఉంచిన ప్రతి ఎకరానికి ఏటా నీటి కూలి ఇవ్వాలి. రసాయనాలు మానేసినవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువ ఇవ్వాలి. యూరియా, గడ్డిమందు కూడా వానతో పాటు చెరువుకే పోతాయి కాబట్టి ఇది దయ కాదు, చేసిన పనికి కూలి. రైతు భరోసా ఇస్తున్నారు కదా అనొద్దు, అది రాష్ట్రమంతా పంటకు ఇచ్చే సాయం. ఒక లెక్క వేసి చూడండి. 1.32 లక్షల ఎకరాలకూ ఎకరానికి 20,000 చొప్పున ఇచ్చినా ఏడాదికి 264 కోట్లు. కోకాపేటలో ఆ రేటున మూడు ఎకరాలు అమ్మితే వచ్చేదానికన్నా తక్కువే.

రెండోది, రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్ళకు నగరంలో టీడీఆర్ సర్టిఫికెట్ ఇస్తున్నారు. దాన్ని బిల్డర్ కొనుక్కుని అదనపు అంతస్తులు వేసుకుంటాడు. చెరువు పైన భూమిని సాగులోనే ఉంచుతానని రాసిచ్చిన రైతుకు కూడా అట్లాంటి హక్కు ఇవ్వండి. టవర్ కట్టేవాడి డబ్బు మా మడికి వస్తుంది, మడి మడిగానే ఉంటుంది.

మూడోది, కౌలు రైతు. మా ఊళ్ళల్లో చాలా పొలాలు సిటీలో ఉండేవాళ్ళ పేరు మీద ఉన్నాయి. కూలి మడిలో పనిచేసే మనిషికి చేరాలి గానీ వీకెండ్‌కు వచ్చి ఫొటో దిగిపోయేవాళ్ళకు కాదు.

నాలుగోది, మెహదీపట్నం రైతు బజార్ మాకు గంట దూరం లేదు. అయినా విషం లేని క్యారెట్‌ను మామూలు క్యారెట్ కుప్పలోనే పోసి అమ్ముకుంటున్నాం. రైతు బజార్లలో మనకంటూ నాలుగు గద్దెలు ఇప్పిస్తే చాలు, మిగతాది మన క్యారెట్ రుచే చూసుకుంటుంది.

ఇవన్నీ రేపు పొద్దుటికి అయ్యేవి కావు. అప్పటిదాకా మనం చేయాల్సింది కూడా ఉంది. భూమి అమ్మిన తోటి రైతును తిట్టొద్దు. అవసరం ఎప్పుడు ఎవరి గుమ్మం తొక్కుతుందో తెలియదు, నాకు తెలిసింది. కానీ అమ్మే ముందు పక్క రైతును ఒక్క మాట అడగండి. అమ్మక తప్పకపోతే కాలువ, బండ్ల బాట ఎటు పోతాయో ఊరి పటంలో చూసుకుని, వాటిని మూయకూడదని రిజిస్ట్రేషన్ కాగితంలోనే రాయించండి. నేను ఆ పని చేయలేదు. ఆ తప్పే ఈ వీడియోలో మోకాలి లోతున కనబడుతోంది. గ్రామసభలో కుంట, కాలువల సంగతి ఎత్తండి. సిటీ నుంచి మీ పొలం చూడటానికి వచ్చేవాళ్ళకు కూరగాయలు అమ్మి పంపేయకుండా, మీ నేల ఎన్ని లీటర్లు తాగుతోందో లెక్క చెప్పి పంపండి. రేపు నీటి కూలి అడిగినప్పుడు మన పక్కన నిలబడాల్సింది వాళ్ళే.

వాన ఆగిన సాయంత్రం కాకా మా మడిలో చెయ్యి పెట్టి మట్టి తీసి చూశాడు. వేళ్ళ మధ్య వానపాము కదిలింది. "మట్టి బాగయిందిరా బిడ్డా," అన్నాడు. కాసేపాగి, "నా మనవడు అమ్ముదామంటుండు. ఏం చెప్పాలె?" అన్నాడు.

ఆ పిల్లాడికి నేను ఏం చెప్పాలి? వట్టి నీతులు చెబితే వినడు, వినాల్సిన పని కూడా లేదు. ఎకరానికి ఏటా ఇంత వస్తుంది అని చెప్పగలిగితే వింటాడు. ఆ "ఇంత" ఎంత ఉండాలి, ఎవరు ఇవ్వాలి? మీ ఊరి దగ్గర కూడా పట్నం పెరుగుతూనే ఉంటుంది కదా, మీ లెక్క కూడా రాయండి. అందరి లెక్కలూ కలిపి మన జిల్లా ప్రజాప్రతినిధుల ముందు పెడదాం.

ఉంటాను మరి. మీ నేల చల్లగా ఉండాలి.