మిద్దె మీద ఏనుగు



పోయిన ఆదివారం పొద్దున మా పక్కింటాయన ఒక రంగుల కాగితం పట్టుకుని వచ్చాడు. "మాస్టారూ, మిద్దె మీదికి నీళ్ళ ట్యాంకు కొంటున్నాను. ఐదువేల లీటర్లది. ఎంత పెద్దదైతే అంత మంచిది గదా!" అన్నాడు.

మా వీధికి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఒక్కొక్కసారి ఆ రోజు కూడా రాదు. అంచేత ఆయన ఆత్రం సబబైనదే. కాని నేను జవాబు చెప్పేలోగా, ఏడో తరగతి చదివే మా మనుమరాలు అందుకుంది.

"తాతయ్యా, లీటరు నీళ్ళు ఎంత బరువు?"

"ఒక కిలో."

"అయితే ఐదువేల లీటర్లు ఐదువేల కిలోలు. అంటే ఐదు టన్నులు! తాతయ్యా, బాగా ఎదిగిన మగ ఏనుగు నాలుగైదు టన్నులుంటుందని మా పుస్తకంలో ఉంది. మామయ్యగారు మిద్దె మీదికి ఏనుగును ఎక్కిస్తారా?"

పక్కింటాయన పకపకా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను.

పాతికేళ్ళ కిందట నేను కొత్తగా హెడ్మాస్టరునైనప్పుడు, పిల్లలకు నీళ్ళు చాలటం లేదని, మరుగుదొడ్ల కప్పు మీద ఒక పెద్ద తొట్టి పెట్టించాను. మేస్త్రీ "గోడలు సన్నవి సార్" అన్నాడు. "ఏమీ కాదులే" అన్నాను. రెండో వానాకాలంలో, ఒక ఆదివారం రాత్రి, కప్పు తొట్టితో సహా కూలింది. సోమవారం పొద్దున పిల్లలంతా ఆ రాళ్ళగుట్ట ముందు నిలబడి చూస్తూంటే నా కాళ్ళు వణికాయి. అది ఆదివారం గనుక సరిపోయింది. మేస్త్రీ మాట విననందుకు నేటికీ సిగ్గుపడుతున్నాను.

అందుకే పక్కింటాయనను కూర్చోబెట్టి, కాగితం, పెన్సిలు తెమ్మని మనుమరాలితో చెప్పాను. ట్యాంకు కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎంత? ఎక్కడ? మూత ఏది?

మొదటి ప్రశ్న: ఎంత?

పట్నంలో ఒక మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళు కావాలని భారత ప్రమాణాల సంస్థ లెక్క కట్టింది. తాగటం, వంట, స్నానం, బట్టలు, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. పక్కింట్లో ఆరుగురున్నారు. ఆరు నూటముప్ఫై అయిదులు 810 లీటర్లు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది గనుక రెండు రోజులకు 1,620 లీటర్లు. ఒక వంతు తప్పిపోతే నాలుగు రోజులు ఆగాలి. అప్పుడు 3,240 లీటర్లు కావాలి.

చూశారా! ట్యాంకు ఎంత పెద్దదిగా ఉండాలో చెప్పేది దుకాణంవాడు కాదు. నీళ్ళు ఒకసారి వచ్చి మళ్ళీ వచ్చేదాకా ఎన్ని రోజులో, ఆ ఎడం చెబుతుంది.

ఊళ్ళకు కూడా ఇదే లెక్క. ఊరికి నీళ్ళిచ్చేది వాన. ఒక వానాకాలానికీ మరో వానాకాలానికీ నడుమ ఎన్నో నెలలు ఎండలే. అందుకే ఊరి తొట్టి చెరువంత ఉండాలి. మన హుసేన్ సాగరు పదహారో శతాబ్దంలో కుతుబ్ షాహీల కాలంలో తవ్విన అట్లాంటి తొట్టే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అటు తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా మీద ఎగువన రెండు జలాశయాలు కట్టారు. గండిపేట చెరువని మనం పిలిచే ఉస్మాన్ సాగరు 1920లోను, హిమాయత్ సాగరు 1927లోను పూర్తయ్యాయి. అవి వరదను ఆపటానికీ, ఊరికి మంచినీళ్ళివ్వటానికీ కూడా పనికివచ్చాయి.

రెండో ప్రశ్న: ఎక్కడ?

"సరే, 3,240 లీటర్లూ మిద్దె మీదే పెడతాను" అన్నాడు పక్కింటాయన.

ఇక్కడే జాగ్రత్త పడాలి. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న నేల మీద మీటరు లోతు నీళ్ళు నిలిస్తే, అవి వెయ్యి లీటర్లు, అనగా వెయ్యి కిలోలు. మనుషులు తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువని లెక్క వేస్తారు. అది ఇద్దరు ముగ్గురు మనుషుల బరువు. మరి వెయ్యి కిలోలు ఎట్లా మోస్తుంది? పైగా మనుషులు కాసేపుండి దిగిపోతారు. ట్యాంకు పగలూ రాత్రీ అక్కడే ఉంటుంది. అందుచేత ట్యాంకును మిద్దె నడుమ పెట్టరాదు. దాని బరువు దూలాల మీదుగా స్తంభాలకు, స్తంభాల నుంచి పునాదికి దిగాలి. ఎక్కడ పెట్టాలో ఇల్లు కట్టిన ఇంజనీరును అడిగి తెలుసుకోవాలి.

"కాని మాస్టారూ, పెద్ద ట్యాంకయితే నల్లాలో నీళ్ళు జోరుగా వస్తాయి గదా?" అన్నాడాయన.

చాలామంది అట్లాగే అనుకుంటారు. మీరే పరీక్ష చేసి చూడండి. ఒక సన్నటి సీసా, ఒక వెడల్పాటి డబ్బా తీసుకోండి. రెండూ ప్లాస్టిక్కువే ఉండాలి. పెద్దవాళ్ళ చేత రెండింటికీ అడుగునుంచి ఒకే ఎత్తున, ఒకే మేకుతో చిల్లు పొడిపించండి. చిల్లులు వేళ్ళతో మూసి, రెండింటిలోను ఒకే ఎత్తుకు నీళ్ళు పోసి, పిట్టగోడ మీద పక్కపక్కనే పెట్టండి. వేళ్ళు తీయగానే రెండు ధారలూ ఇంచుమించు ఒకే దూరం చిమ్ముతాయి! డబ్బాలో నీళ్ళు ఎక్కువున్నా దాని ధార జోరు పెరగలేదు. నీటి వత్తిడి ఎత్తును బట్టి ఉంటుందిగాని, నీళ్ళ మొత్తాన్ని బట్టి కాదు. నల్లాకు పది మీటర్ల ఎత్తున నీళ్ళుంటే, చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో వత్తిడి వస్తుంది. ట్యాంకు చిన్నదైనా పెద్దదైనా అంతే.

ఇది విని పక్కింటాయన కాసేపు ఆలోచించాడు. మా మనుమరాలే ఉపాయం చెప్పింది: "మామయ్యగారూ, మూడువేల లీటర్లు కింద సంపులో ఉంచండి. వెయ్యి లీటర్లు పైన పెట్టండి. రోజుకు 810 గదా, పైది ఒక రోజుకు చాలుతుంది. మొత్తం నాలుగువేలు!"

ఏనుగు కిందికి దిగివచ్చింది. గట్టి నేల ఆ బరువును మోస్తుంది గదా!

ఆయన తమ్ముడు పల్లెలో సేద్యం చేస్తాడు. ఆయనకూ ఇదే సూత్రం. బోరు కరెంటు ఉన్నప్పుడే పోస్తుంది గనుక, చేలో పెద్ద తొట్టే కావాలి. అది గట్టి నేల మీద ఉండాలి. తెరిచిన కుంట అయితే ఎండ సంగతి కూడా చూసుకోవాలి. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల కుంటలో ఒక్క సెంటీమీటరు నీళ్ళు ఆవిరైతే, పోయేది వెయ్యి లీటర్లు!

మూడో ప్రశ్న: మూత ఏది?

1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులోనే, బేగంపేటలో, రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు సూక్ష్మదర్శినిలో ఒక దోమ కడుపును పరీక్షిస్తూ మలేరియా క్రిమిని కనిపెట్టాడు. మలేరియాను దోమలే మోస్తాయని రుజువు కావటానికి అది దారి తీసింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. డెంగీ జ్వరం తెచ్చే దోమకు మన ఇళ్ళలో నిలవ చేసిన మంచినీళ్ళంటే మహా ఇష్టం. మూతలేని ట్యాంకులో గుడ్లు పెడితే, వారం పది రోజుల్లో దోమలు లేస్తాయి. కాబట్టి మూత బిగుతుగా ఉండాలి. పొర్లు గొట్టానికి సన్నటి వల కట్టాలి. వెలుతురు సోకితే పాచి పెరుగుతుంది గనుక, వెలుతురు లోపలికి పోని ట్యాంకే కొనాలి. ప్లాస్టిక్ ట్యాంకయితే దాని మీద ఐ.ఎస్.ఐ. ముద్ర, 12701 అనే సంఖ్య ఉన్నాయేమో చూడాలి.

సంపు మూత సంగతి మరీ ముఖ్యం. తల్లిదండ్రులారా, మూత తెరిచి ఉన్న సంపు పసిపిల్లలకు నుయ్యి. మూత బరువుగా ఉండాలి, తాళం ఉండాలి. పిల్లలూ, మూత తీసి ఉంటే మీరు తొంగిచూడకండి, దాని మీద ఎక్కకండి. పెద్దవాళ్ళను పిలిచి మూయించండి.

మర్నాడు పక్కింటాయన వెయ్యి లీటర్ల ట్యాంకు తెచ్చాడు. ఇంజనీరు చూపిన చోట, స్తంభాల మీద నిలిపిన దిమ్మె పైన దాన్ని పెట్టించాడు. సంపు మూతకు తాళం వేసి, తాళంచెవిని మా మనుమరాలికి చూపించాడు.

ఇహ ఈ నెల లెక్క. గుండ్రటి ట్యాంకు వ్యాసార్థాన్ని వ్యాసార్థంతోనే హెచ్చించి, దాన్ని 3.14తోను, ఎత్తుతోను హెచ్చిస్తే ఘనపరిమాణం వస్తుంది. మీటర్లలో కొలిస్తే, వచ్చిన దాన్ని 1000తో హెచ్చిస్తే లీటర్లు. ఒక ట్యాంకు వ్యాసార్థం అర మీటరు, ఎత్తు 1 మీటరు 40 సెంటీమీటర్లు. అందులో ఎన్ని లీటర్లు పడతాయి? ఆ నీళ్ళు మీ ఇంట్లో ఎన్ని రోజులు వస్తాయి? అవి ఎన్ని టన్నుల బరువు?

లెక్క కట్టి, అమ్మకూ నాన్నకూ చూపించండి. ఆ తర్వాత మీ ఇంటి ట్యాంకు దేని మీద నిలబడి ఉందో వాళ్ళను అడగండి. నేను ఆ రోజు మేస్త్రీ మాట వినలేదు. మీ మాట వాళ్ళు తప్పక వింటారు.