బిడ్డలకు లెక్క మన తెలుగులో చెబుదాం



పదో క్లాసు బిడ్డలున్న ఇళ్ళల్లో ఒకటే మాట వింటూ ఉన్నాం. "మిగతావన్నీ పరవాలేదు, కణక్కు మాత్రం రావడంలేదు." అందులో ఏది రావడంలేదని అడిగితే మూడు పేర్లు చెబుతారు. సార్బు, సాయ్వు, వెట్టుత్తుండు. ఇంగ్లీషు మీడియం బిడ్డలైతే ఫంక్షన్, స్లోప్, ఇంటర్‌సెప్ట్ అంటారు. పేర్లు వేరైనా భయం ఒకటే. మా అభిప్రాయం ఏమంటే, ఆ భయం లెక్కను చూసి కాదు, ఆ పేర్లను చూసి. విషయాన్ని ఇంటి తెలుగులో ఒక్కసారి చెబితే సగం భయం పోతుంది. ఆ పని మన సంఘమే చేయాల.

మేము చదివింది తమిళ మీడియంలో. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, దానిమీద మాకు ఏ కోపమూ లేదు. 2006లో చట్టం వచ్చినాక బడుల్లో తమిళం తప్పనిసరి పాఠమైంది, మన బిడ్డలు బాగానే నేర్చుకుంటున్నారు. మా బాధ అది కాదు. ఇంటి తెలుగు "అన్నం తిన్నావా" దగ్గర, పెళ్ళిపత్రిక దగ్గర ఆగిపోతూ ఉంది. బుద్ధికి పని చెప్పే విషయం ఒక్కటీ తెలుగులో మాట్లాడం. అట్లాంటి భాషను బిడ్డలు ఎందుకు గౌరవిస్తారు?

చెప్పి చూపిద్దాం. ఒకామె పొరుగింట్లో 12,000 రూపాయలు చేబదులు తీసుకుంది, వడ్డీ లేదు. నెలకు 800 తిరిగి ఇస్తూ ఉంది. ఎక్స్ నెలలైనాక మిగిలిన బాకీ వై అనుకుంటే, వై = 12,000 − 800 ఎక్స్. ఇదే రేఖీయ సమీకరణం. గ్రాఫు నోటులో గీస్తే చక్కని గీత వస్తుంది, కిందికి వాలుతుంది. వాలు అంటే నెలనెలా తగ్గే 800. తగ్గుతుంది కాబట్టి ముందు మైనస్.

ఆ గీత నిలువు అక్షాన్ని 12,000 దగ్గర కోస్తుంది. అది మొదటి రోజు బాకీ. అడ్డ అక్షాన్ని 15 దగ్గర కోస్తుంది. అది బాకీ తీరే నెల. వెట్టుత్తుండు అన్నా, తెలుగు పుస్తకాల్లో అంతరఖండం అన్నా కోసిన ముక్కే. "ఎక్స్ అంతరఖండం కనుక్కో" అంటే బిడ్డ బెదురుతుంది. "అప్పు ఎప్పుడు తీరుతుంది?" అని అడగండి, నోటిలెక్కతోనే చెబుతుంది. వై సున్నా అయినప్పుడు ఎక్స్ ఎంత అనేదే ఆ రెండు ప్రశ్నలూ.

ఇంక సార్బు, అంటే ప్రమేయం. ఎఫ్(ఎక్స్) అని రాస్తారు. 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణిత పండితుడు వాడుకలోకి తెచ్చిన రాత ఇది. ఎఫ్(5) కనబడగానే చాలామంది బిడ్డలు ఎఫ్‌ను 5తో గుణిస్తారు. అది గుణకారం కాదు. రైల్వేలో గుమాస్తాగిరీ చేసినవాళ్ళం కాబట్టి టికెట్ కిటికీతో చెబుతాం. కిటికీలో ఊరిపేరు చెబితే ఛార్జీ బయటికి వస్తుంది. ఎఫ్ అంటే ఆ కిటికీ, బ్రాకెట్‌లో ఉండేది మనం చెప్పిన ఊరు, వచ్చేది ఛార్జీ. రెండు ఊళ్ళకు ఒకే ఛార్జీ ఉండొచ్చు. ఒకే బండిలో, ఒకే క్లాసులో, ఒకే ఊరికి రెండు ఛార్జీలు ఉంటే మాత్రం కిటికీ దగ్గర తగవే. ఒకటి లోపలికి పోతే ఒకటే బయటికి రావాల, ప్రమేయానికి ఉండే కట్టుబాటు అంతే. పైన చెప్పిన అప్పులో ఎఫ్(5) అంటే ఐదు నెలలైనాక బాకీ, 8,000.

రైల్వేలో ఇంకో మంచి ఉదాహరణ ఉంది. కంట్రోల్ ఆఫీసులో బండ్ల నడకను చార్టు మీద గీస్తారు. అడ్డంగా టైము, నిలువుగా స్టేషన్లు. గీత ఎంత నిటారుగా ఉంటే బండి అంత వేగంగా పోతున్నట్టు. సామల్‌పట్టిలో బండి నిలిస్తే అక్కడ గీత పడుకుంటుంది, వాలు సున్నా. సేలం నుంచి వచ్చే బండి గీత, జోలార్‌పేట నుంచి పోయే బండి గీత ఒకదాన్నొకటి కోసే చోట ఆ రెండూ ఎదురవుతాయి. రెండు సమీకరణాలను సాధించడం అంటే ఆ చోటు కనుక్కోవడమే.

మామిడికాయలు మండీకి తోలేవాళ్ళకూ ఇది పనికొస్తుంది. ఒక వండికి 500 రూపాయలు, పైన కి.మీ.కి 20 అనుకుందాం. ఇంకో వండికి 200, పైన కి.మీ.కి 30. రెండు గీతలూ 30 కి.మీ. దగ్గర కలుస్తాయి, అక్కడ రెండింటికీ 1,100. అంతకంటే దూరమైతే మొదటి వండి లాభం. ఊత్తంగరై నుంచి కృష్ణగిరి అంతకంటే దూరమే కదా.

"పరీక్ష రాసేది తమిళంలోనో ఇంగ్లీషులోనో, తెలుగులో చెబితే గందరగోళం కాదా?" అని కొందరు అడుగుతారు. విషయం అర్థమైనాక దానికి మూడు భాషల్లో మూడు పేర్లు చెప్పడం కష్టం కాదు. విషయం తెలియక పేరు మాత్రం బట్టీ పడితేనే గందరగోళం. "తెలుగులో లెక్కకు మాటలు ఎక్కడివి?" అనేవాళ్ళూ ఉన్నారు. మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన ఎన్నో వందల ఏండ్ల కిందనే తెలుగు పద్యాల్లోకి తెచ్చినాడు. మాటలున్నాయి, మనం వాడడంలేదు.

ట్యూషన్ ఉంది కదా అంటే, డబ్బుండే ఇంటికే అది. పదిలో లెక్క చెడితే ప్లస్ వన్‌లో లెక్కల గ్రూపు దొరకడం కష్టం. తరవాత రైల్వే, బ్యాంకు పరీక్షల్లోనూ లెక్కే అడ్డం నిలుస్తుంది. ముఖ్యంగా ఆడబిడ్డలను "నీకు లెక్క రాదులే" అని ఇంట్లోవాళ్ళే పక్కన పెట్టేస్తారు. నెలనెలా ఇంటిఖర్చు సరిపెట్టే అమ్మకు పుట్టిన బిడ్డకు లెక్క ఎందుకు రాదు?

కాబట్టి సంఘానికి మా వినతి. ఆదివారం పొద్దున రెండు గంటలు, ఒక బ్లాక్‌బోర్డు, బిడ్డకొక గ్రాఫు నోటు. వార్షికోత్సవంలో కప్పే శాలువాల్లో కొన్ని తగ్గిస్తే ఈ ఖర్చు సరిపోతుంది. మనలో రిటైరైన వాద్యార్లు, బ్యాంకువాళ్ళు, పోస్టాఫీసువాళ్ళు ఉన్నారు. వారానికి ఒకరు వచ్చినా చాలు. మొదటి ఆదివారం రావడానికి మేము సిద్ధం. ఎవరెవరు వస్తారో, ఏ ఇంటి వసారా దొరుకుతుందో కింద రాయండి.