ట్యునీషియా: చదువు చెప్పిన ప్రభుత్వము చెవి యొగ్గవలదా?

ఉత్తరాఫ్రికా తీరమున, అల్జీరియా లిబియాల నడుమ, మధ్యధరా సముద్రమునకు ఎదురుగా ట్యునీషియా యను చిన్న దేశము గలదు. పటము చూచునప్పుడు మన విద్యార్థుల కన్ను దానిపై నిలువదు. అయినను ఒక దేశపు ప్రభుత్వము, విద్య, పరరాజ్యసంబంధములు అను మూడును ఒకే త్రాటి పేటలని తెలిసికొనగోరు వారికి ఆ దేశచరిత్రకంటె మంచి పాఠము అరుదని మా యభిప్రాయము.

పందొమ్మిదవ శతాబ్దమున ఆ దేశమును బేలు అను పాలకులు ఏలుచుండిరి. 1846లో అహమ్మద్ బే బానిసత్వమును రద్దుచేసెను. 1861లో లిఖిత రాజ్యాంగ మేర్పడెను; అరబ్బు దేశములలో అదియే మొదటిది. కాని రాజ్యమునకు అప్పులు పెరిగినవి. తలపన్నును రెట్టింపు చేయగా 1864లో ప్రజలు తిరుగబడిరి, రాజ్యాంగము మూలబడెను. 1869లో ఫ్రాన్సు, ఇటలీ, ఇంగ్లండుల ప్రతినిధులతో కూడిన సంఘమొకటి దేశపు ఆదాయవ్యయములను తన చేతిలోనికి తీసికొనెను. పెట్టె తాళము ఋణదాత చేతికి పోయిన పిమ్మట ఇల్లెవరిదని అడుగనేల? 1881 మే 12వ తేదీని బార్డో సంధివలన దేశము ఫ్రెంచివారి యధీనమయ్యెను.

ఈ పతనకాలముననే ఖైరుద్దీన్ అను మంత్రి యొక విత్తనము నాటెను. ఇతడు బాల్యమున బానిసగా అమ్ముడుపోయి, ప్రధానమంత్రి పదవికి ఎక్కినవాడు. ఇతడు 1875లో ట్యూనిస్ నగరమున స్థాపించిన సాదికీ కళాశాలలో అరబ్బీతోను మతవిద్యతోను పాటు గణితము, శాస్త్రములు, ఐరోపా భాషలు నేర్పుచుండిరి. ఫ్రెంచివారు దానిని మూయలేదు. వారి కచేరీలకు దుబాసీలును గుమాస్తాలును కావలసియుండిరి. కాని చదువు గుమాస్తాలను మాత్రమే తయారుచేసి ఊరకుండునా? ఆ బడిలో చదివిన హబీబ్ బుర్గీబాయే స్వాతంత్ర్యోద్యమమునకు నాయకుడయ్యెను. 1956 మార్చి 20న దేశము స్వతంత్రమయ్యెను. 1957 జూలై 25న రాజరికము తొలగి, అతడు మొదటి అధ్యక్షుడయ్యెను.

నూతన ప్రభుత్వము చేసిన పనులను మెచ్చకుండ నుండజాలము. 1956 ఆగస్టు 13నాటి శాసనము బహుభార్యాత్వమును నిషేధించి, విడాకుల విషయమును న్యాయస్థానమునకు అప్పగించెను. 1958 నాటి విద్యాశాసనము బాలబాలికలకు ఉచితవిద్యా ద్వారములు తెరచెను. నేడు ఆ దేశపు విశ్వవిద్యాలయములలో స్త్రీలే అధికసంఖ్యాకులు. 1961లో బిజెర్తా నౌకాస్థావరము కొరకు ఫ్రాన్సుతో పోరాడి, 1963లో తుది ఫ్రెంచి సైనికుని సాగనంపిన యా ప్రభుత్వమే తన బడులలో ఫ్రెంచి భాషను నిలుపుకొనెను. విరోధము సైన్యముతోనే గాని విద్యతో గాదని తెలిసిన వివేకమది.

అయితే చదువు చెప్పినంత మాత్రమున ప్రభుత్వపు బాధ్యత తీరదు. 1975లో బుర్గీబా తన్ను జీవితాంతము అధ్యక్షునిగ చేయించుకొనెను. 1987 నవంబరు 7న అతనిని తొలగించి వచ్చిన బెన్ అలీ 23 ఏండ్లు ఏలెను. బడిలో ఆలోచింపుమని చెప్పి బజారులో నోరు మెదపరాదని శాసించు పాలన ఎంతకాలము నిలుచును? పట్టభద్రులు పెరిగిరి, వారికి తగిన పని పెరుగలేదు.

2010 డిసెంబరు 17న సీదీ బూజీద్ పట్టణమున తోపుడుబండిపై పండ్లమ్ముకొను మహమ్మద్ బువజీజీ, అధికారులు తన సరకు లాగికొనగా, మొర వినువారు లేక ఒడలికి నిప్పంటించుకొనెను. అతడు పట్టభద్రుడని కొన్ని పత్రికలు వ్రాసినవి. నిజమునకు అతడు హైస్కూలు చదువైనను ముగించలేదు. అయినను ఆ మాటను లోకము సులభముగ నమ్మెను; ఏలయన పని లేని పట్టభద్రులు ఆ దేశమున కొల్లలుగ నుండిరి. 2011 జనవరి 14న బెన్ అలీ దేశము విడిచి పారిపోయెను.

2014 నాటి రాజ్యాంగము 16 ఏండ్ల వయసువరకు నిర్బంధ విద్యను, అన్ని తరగతులందును ఉచిత ప్రభుత్వవిద్యను వాగ్దానము చేసెను. 2015లో సంప్రదింపుల మార్గమున దేశమును గట్టెక్కించిన నాలుగు సంస్థలకు నోబెల్ శాంతి బహుమానము లభించెను. కాని 2021 జూలై 25న అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును నిలిపివేసెను. అతడు పూర్వము రాజ్యాంగ న్యాయమును బోధించిన ఉపాధ్యాయుడు! 2022లో అధ్యక్షునికే అధికబలమిచ్చు కొత్త రాజ్యాంగము వచ్చెను. దానిపై వోటుచేసినవారు మూడింట ఒక వంతునకు లోపే. పాఠము చెప్పుట వేరు, దానికి తాను లోబడుట వేరు.

ఇంటి సంగతి ఇంటిలోనే యుండదు. 2023 జూలైలో ఐరోపా సమాఖ్య ఆ దేశముతో ఒప్పందము చేసికొని, వలసలను అరికట్టుటకు 10 కోట్ల 50 లక్షల యూరోలు ఇచ్చుటకు పూనుకొనెను. సముద్రము దాటిపోవు వారిలో ఆ దేశపు యువకులును గలరు. బిడ్డలకు చదువు చెప్పిన దేశమే వారిని రేవున అడ్డగించుటకు పరుల సొమ్ము పుచ్చుకొనుట ఎంత విషాదము! మనకు సంబంధము లేదనుకొనవలదు. ట్యునీషియా ఫాస్ఫేటు ఎరువులకు మూలపదార్థము. విశాఖపట్టణము, కాకినాడలలో ఎరువులు చేయు కోరమాండల్ సంస్థ అచ్చటి స్ఖీరాలో ఫాస్ఫారిక్ ఆమ్ల కర్మాగార స్థాపనమున భాగస్వామియయ్యెను. 2011 తరువాత గఫ్సా గనులయొద్ద ఉద్యోగములు కోరు యువకులు దారులడ్డగించి కూర్చుండగా ఫాస్ఫేటు ఉత్పత్తి మిక్కిలి తగ్గెను. అచ్చటి నిరుద్యోగి నిట్టూర్పు ఇచ్చటి పొలముగట్టునకును సోకగలదు.

పైచదువు ఎక్కువైనందుననే అశాంతి కలిగినదనియు, పనికి మించిన చదువు చెప్పరాదనియు కొందరు వాదింతురు. మే మంగీకరింపము. దీపము వెలిగించిన పిమ్మట ఇంటిలోని దుమ్ము కనబడెనని దీపమార్పుదుమా? దుమ్మునే ఊడ్వవలెను. చదువుకొన్నవాడు పని యడుగును, లెక్క యడుగును, కారణ మడుగును. ఆ ప్రశ్నలకు ప్రత్యుత్తరమీయగల ప్రభుత్వమే చదువు చెప్పుటకు అర్హమైనది. అట్టి ప్రభుత్వమే పరరాజ్యముల యెదుట తలయెత్తి నిలువగలదు.

విద్యార్థులారా, ప్రశ్నించుటయు, ఎదుటివాని ప్రత్యుత్తరమును ఓపికతో వినుటయు ఈ బడిలోనే అలవరచుకొనుడు. తలిదండ్రులారా, ఉపాధ్యాయులారా, పిల్లల ప్రశ్నలను విసుగుకొనక ఆలకింపుడు. రేపు అధికారపీఠములపై గూర్చుండువారు వీరే. నేడు వినబడినవారే రేపు వినగలరు.