బావమరిదిని తెచ్చుకున్నందుకు శిక్ష



రూతు గ్రంథం మీద ప్రసంగం అనగానే మనవాళ్ళు చాలామంది ఒకే మాట చెబుతారు: ఎలీమెలెకు విశ్వాసం లేక బేత్లెహేము విడిచి మోయాబుకు వెళ్ళాడు, అందుకే అక్కడ చనిపోయాడు అని. మొదటి అధ్యాయం తీసి చూడండి. కరవు వచ్చిందని ఉంది, అతడు వెళ్ళాడని ఉంది, చనిపోయాడని ఉంది. అది శిక్ష అని అక్కడ లేదు. ఆ మాట మనం కలిపిందే.

అమెరికాలో 1930లలో పొలాలు వదిలిన రైతు కుటుంబాల మీద కూడా ఇలాంటి మాటలే పడ్డాయి. 1935 ఏప్రిల్ 14, ఆదివారం. ఓక్లహోమా, కాన్సాస్, టెక్సాస్ మైదానాల మీదికి దుమ్ము మేఘం వచ్చి పట్టపగలే చీకటి కమ్మింది. లోకాంతం వచ్చిందనుకున్నారు చాలామంది. దేవుని ఉగ్రత అన్నవారూ ఉన్నారు.

సరే, ఉగ్రతే అనుకుందాం. మరి ఆ మట్టిని వదులు చేసింది ఎవరు? మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గోధుమకు మంచి ధర ఉందని అక్కడి గడ్డినేలను తెగ దున్నేశారు. మట్టిని పట్టుకునే వేళ్ళు పోయాయి. ఆ తరువాత వానలు పోయాయి. దానికి ముందే ధర పోయింది. 1929లో డాలరు దాకా పలికిన బుషెలు, అంటే సుమారు 27 కిలోల గోధుమ, 1932 నాటికి 40 సెంట్లు కూడా తేలేదు.

ఇంకొక సంగతి ఉంది, అది చాలామందికి తెలియదు. ధర పెంచడానికి పంట తగ్గించాలని ప్రభుత్వం 1933లో చట్టం చేసింది. సాగు తగ్గించినవారికి డబ్బు ఇచ్చింది. పత్తి ప్రాంతాల్లో ఆ డబ్బు ఎక్కువగా భూయజమాని చేతికే చేరింది. ఎందరో యజమానులు కౌలుదార్లను ఖాళీ చేయించారు, ట్రాక్టర్లు కొన్నారు. పాత కార్లకు పరుపులు, గిన్నెలు కట్టుకుని కాలిఫోర్నియా దారి పట్టినవారిలో దుమ్ము తుపాను కంటితో చూడనివారు కూడా ఎందరో ఉన్నారు. కాగితంలో పేరు లేని కౌలురైతు కథ మన పల్లెలవాళ్ళకు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

వెళ్ళినచోట ఏం దొరికింది? ‘ఓకీ’ అనే తిట్టు దొరికింది. 1936 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలిస్ పోలీసులు ఏకంగా రాష్ట్ర సరిహద్దులకు వెళ్ళి, చేతిలో డబ్బు లేనివారిని వెనక్కి పంపారు. వచ్చినవారిలో చాలామంది బాప్టిస్టులు, పెంతెకొస్తులు. వాళ్ళు అక్కడ తమ సొంత మందిరాలు కట్టుకున్నారు. అది మంచిదే. అయితే అప్పటికే ఉన్న మందిరంలో వాళ్ళకు కూర్చునే చోటు ఎందుకు లేకపోయిందన్నదే నన్ను బాధపెట్టే ప్రశ్న.

ఎడ్వర్డ్స్ అనే ఆయన 1939 చివరలో టెక్సాస్ వెళ్ళి, పనిలేని తన బావమరిదిని కారులో కాలిఫోర్నియాకు తెచ్చుకున్నాడు. బావమరిది దగ్గరున్న 20 డాలర్లు దారిలోనే అయిపోయాయి. బీదవాణ్ణి రాష్ట్రంలోకి తెచ్చాడని ఎడ్వర్డ్స్‌కు ఆరు నెలల జైలుశిక్ష వేశారు, అమలు మాత్రం ఆపారు. చుట్టాన్ని ఇంటికి తెచ్చుకోవడం నేరమట! 1941లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఒక్కమాటగా ఆ చట్టాన్ని కొట్టేశారు.

లేవీయకాండము 19వ అధ్యాయంలో పొలం ఓరలు, రాలిన పరిగె బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమని ఆజ్ఞ ఉంది. అది వలస వచ్చినవాడికి చెప్పిన మాట కాదు, పొలం ఉన్నవాడికి చెప్పినది. బోయజు పొలంలో రూతును ఎవరూ వెనక్కి పొమ్మనలేదు.

కాబట్టి సంఘ పెద్దలకు నా మనవి ఒకటే. పనికోసం పట్నం పోతున్న కుటుంబం అక్కడి సంఘంలో చేరడానికి ఉత్తరం అడిగితే, చందా బకాయి లెక్క తీయకుండా అదే రోజు రాసివ్వండి.