బేడీలు పడుతున్నది ఎవరికి?

1983లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, టారింగ్టన్ పట్టణంలో ట్రేసీ థర్మన్ అనే యువతిని విడిగా ఉంటున్న భర్త కత్తితో పదమూడు సార్లు పొడిచాడు. పోలీసు వచ్చాక, అతని కళ్లెదుటే ఆమె తలమీద తన్నాడు. అప్పటికీ వెంటనే బేడీలు పడలేదు. అంతకుముందు నెలల తరబడి ఆమె ఫిర్యాదులు చేస్తూనే ఉంది. మొగుడూ పెళ్లాల గొడవ కింద కొట్టిపారేశారు. పోలీసులపై ఆమె వేసిన దావాలో జ్యూరీ 23 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వమంది. గృహహింస కేసుల్లో పోలీసు అరెస్టు చేసి తీరాలనే తప్పనిసరి అరెస్టు చట్టాలు పుట్టింది ఇలాంటి నిర్లక్ష్యం మీద ఆగ్రహంతోనే. వాటిని తప్పుపట్టేవారెవరూ ఈ సంగతి మరిచిపోకూడదు.

ఇంట్లో కొట్టేవారి విషయంలో పోలీసులు ఏం చేస్తే మేలో పరీక్షించిన మినియాపొలిస్ ప్రయోగ ఫలితాలు 1984లో వెలువడి ఈ చట్టాలకు ఊపునిచ్చాయి. నచ్చజెప్పి వదిలేసినవారికంటే, కొన్ని గంటలు ఇంటినుంచి పంపేసినవారికంటే అరెస్టయినవారు మళ్లీ చెయ్యి చేసుకోవడం తక్కువని అందులో తేలింది. అయినా ప్రతి కేసులోనూ అరెస్టు తప్పనిసరి చేయమని పరిశోధకులు షెర్మన్, బెర్క్ సిఫార్సు చేయలేదు. చాలా రాష్ట్రాలు ఆ మాట చెవిన పెట్టలేదు. తర్వాత మిల్వాకీ ప్రయోగంలో, ఉద్యోగం ఉన్నవాడు అరెస్టుకు జంకాడు, లేనివాడు మరింత రెచ్చిపోయాడు. 23 ఏళ్లు గడిచాక ఆ బాధితుల వివరాలే మళ్లీ తీసి చూస్తే, హెచ్చరికతో వదిలేసిన కేసులకంటే అరెస్టు చేసిన కేసుల్లోని బాధితుల్లో మరణాలు 64 శాతం ఎక్కువ. అవి హత్యలు కావు, చాలావరకు గుండెజబ్బులాంటి రోగాలు. ఇంటి మనిషిని ఈడ్చుకెళ్లడం బాధితురాలి ఒంటినీ కుంగదీస్తుందా అన్న ప్రశ్నను ఇక దాటవేయలేం.

గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో చూడండి. గొంతు నులిమితే ఆ రాత్రికి మచ్చ కనబడకపోవచ్చు. ఊపిరాడక ఆమె అతని ముంజేతిని కొరికితే పంటిగాట్లు ఎర్రగా కనబడతాయి. ఎవరినో ఒకరిని తీసుకెళ్లి తీరాల్సిన పోలీసు, కంటికి కనబడిన గాయాన్ని బట్టి ఆమెకే బేడీలు వేస్తాడు, లేదంటే ఇద్దరికీ వేస్తాడు. కనెక్టికట్‌లో ఇద్దరినీ పట్టుకెళ్లడం ఎంత పరిపాటి అయిందంటే, అసలు దాడిచేసేది ఎవరో గుర్తించి వారినే అరెస్టు చేయాలంటూ 2018లో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది.

పోనీ, అడిగినప్పుడైనా తప్పనిసరి అరెస్టు చట్టం ఆదుకుందా? 1999లో కొలరాడోలోని కాజిల్ రాక్‌లో, కోర్టు ఉత్తర్వును మీరి భర్త ముగ్గురు కూతుళ్లను తీసుకుపోతే తల్లి రాత్రంతా పోలీసులను వేడుకుంది. పిల్లలు శవాలై దొరికారు. అరెస్టు చేయాలని రాష్ట్ర చట్టంలో ఉన్నా, దాన్ని అమలు చేయించుకోవడం ఆమెకు రాజ్యాంగ హక్కు కాదని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. వద్దన్నా అరెస్టు ఆగదు, కావాలన్నా జరుగుతుందన్న భరోసా లేదు.

అమెరికాలోని మన తెలుగిళ్లకూ ఇది తగిలే సంగతే. భర్త ఉద్యోగ వీసాపై ఆధారపడే హెచ్-4 వీసా మీద ఉన్న భార్య 911కు ఫోన్ చేసేది చాలాసార్లు ఆ రాత్రి దెబ్బలు ఆగాలనే. గృహహింస నేరం రుజువైతే అతన్ని దేశం నుంచి పంపేయవచ్చు; ఆమె వీసా అతని వీసాకే ముడిపడి ఉంది. నేరం రుజువు కాకపోయినా, వీసా దరఖాస్తులో అరెస్టు గురించిన ప్రశ్న అతనికి ఎదురవుతూనే ఉంటుంది. బాధితుల కోసం ఉన్న యూ వీసాలు ఏడాదికి 10,000 మాత్రమే, ఏళ్ల తరబడి ఎదురుచూపు. ఇవన్నీ తెలిసిన ఆడపిల్ల ఫోన్ పక్కన పెట్టేస్తే తప్పు ఆమెదా?

కత్తి తీసినా, గొంతు నులిమినా, రక్షణ ఉత్తర్వు మీరినా అరెస్టుకు వెనకాడకూడదు. మిగతా చోట్ల పోలీసు ముందుగా అతనికి వినబడనంత దూరానికి ఆమెను తీసుకెళ్లి, ఏం కావాలో ఆమె భాషలోనే అడిగించాలి. ఆ రాత్రికి తలదాచుకునే చోటు చూపాలి. హెచ్-4 స్త్రీకైతే భర్తతో నిమిత్తం లేని నివాస హక్కు కావాలి, అది ఉందని ఫోన్ చేయకముందే ఆమెకు తెలియాలి.