చేపల కంటే ముందు సబర్

మా నస్పూర్‌లో, సీసీసీలో, శ్రీరాంపూర్‌లో ఇప్పుడు కొత్తగా కడుతున్న ఇళ్లకు హాలు పెద్దగా పెట్టుకుంటున్నారు. హాలు పెద్దదయ్యాక ఒక గోడ ఖాళీగా కనిపిస్తుంది. ఆ గోడకు ఏం పెట్టాలన్న సోంచాయింపు మొదలవుతుంది. ఈ మధ్య ఆ సోంచాయింపు పెద్ద అక్వేరియం దగ్గర ఆగుతున్నది. అదీ గోల్డ్ ఫిష్‌ల తొట్టి కాదు, సముద్రపు చేపల తొట్టి. నారింజ రంగు మీద తెల్లపట్టీల చేప, నీలం చేప, పసుప్పచ్చ చేప. ఫోన్లో చూసినవన్నీ ఇంట్లో కావాలి.

నన్నడిగే వాళ్ల మొదటి సవాల్ ఒకటే: "ఎంతైతది భాయ్?"

నా రాయ్ సూటిగా చెప్తాను. చేప ఒక్కటి కూడా లేని తొట్టిని ఆరు వారాలు చూస్తూ కూర్చునే సబర్ ఉంటే పెట్టుకోండి. లేకపోతే వద్దు. పైసల హిసాబ్ ఆ తర్వాత.

ఆరు వారాలు ఎందుకంటే, సముద్రం అంటే ఉప్పు కలిపిన నీళ్లు కాదు. చేప తిన్నది విసర్జిస్తుంది, ఆ విసర్జనలో అమ్మోనియా ఉంటుంది. అమ్మోనియా చేపకు జహర్. సముద్రంలో అది క్షణాల్లో కలిసి చెదిరిపోతుంది. గాజు పెట్టెలో చెదిరే జాగా లేదు. అక్కడ దాన్ని తినేది కంటికి కనిపించని బ్యాక్టీరియానే. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. దాన్ని చేప చాలావరకు తట్టుకుంటుంది, మిగిలింది మనం నీళ్లు మార్చి తీసేయాలి. ఈ బ్యాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో స్థిరపడడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందాకా దానికి తిండిగా చిన్న రొయ్య ముక్క వేస్తే చాలు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి, రోజుల తరబడి సున్నాగానే నిలిస్తే అప్పుడు తొట్టి తయారైనట్టు.

దుకాణాల్లో ఈ మాట అందరూ చెప్పరు. మా పక్కింటి అన్న గనిలో పంప్ ఆపరేటర్‌గా చేసి రిటైర్ అయిండు. తొట్టి కొనడానికి పట్నం పోతే, ఒక దుకాణంలో, "రెండు మూడు చవక చేపలు వేసి చూడండి, అవి బతికితే మంచివి తీసుకపోండి" అన్నారట. అంటే ఆ రెండు మూడు చేపలు చావడానికే. అన్న తొట్టి, రాళ్లు, ఉప్పు కొన్నాడు, చేపలు లేకుండా వచ్చాడు. దసరాకు వచ్చిన బిడ్డ, అల్లుడు నవ్విండ్రు: "ఏందే నాయినా, రాళ్లకు లైటు పెట్టినవ్?" అన్న జవాబు చెప్పలేదు. గనిలో పంపు లాగ్‌బుక్ రాసినట్టే క్యాలెండర్ మీద రోజూ రీడింగ్ రాసుకున్నాడు. నలభై మూడో రోజున నన్ను పిలిచి, "తమ్మీ, ఇగ తెద్దాం" అన్నాడు. ఆ నలభై మూడు రోజులు తొట్టికి ఎంత ఇంతహానో మనిషికీ అంతే.

ఇక హిసాబ్. నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు తొట్టి నిండితే దాదాపు 450 లీటర్లు. నీళ్లే నాలుగున్నర క్వింటాళ్లు. గాజు, రాళ్లు, ఇసుక కలిపితే ఆరు క్వింటాళ్లు దాటుతుంది. పైఅంతస్తులో పెట్టేముందు మేస్త్రీని కాదు, ఇంజినీర్‌ను అడగాలి. లీటరుకు 35 గ్రాముల లెక్కన సుమారు పదహారు కిలోల ఉప్పు. వంటింటి అయోడిన్ ఉప్పు కాదు, దొడ్డుప్పూ కాదు, కాల్షియం, మెగ్నీషియం అన్నీ పాళ్లలో కలిపి అక్వేరియం కోసమే తయారుచేసే ఉప్పు. ఆ తర్వాత పది పదిహేను రోజులకోసారి నలభై అయిదు లీటర్లు తీసి, అంతే కొత్త ఉప్పునీళ్లు పోయాలి. ఎండకు నీళ్లు ఆవిరైతే మాత్రం మంచినీళ్లే పోయాలి. ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే మిగులుతుంది.

బోరునీళ్లు పనికిరావు. ఆర్వో నీళ్లు కావాలి. ఆర్వో మిషన్ ఒక లీటరు మంచినీళ్లిచ్చి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. అంటే తొట్టి ఒక్కసారి నిండేసరికి వెయ్యి లీటర్ల పైనే మోరీ పాలు. పారే నది ఒడ్డున కూర్చుని వజూ చేసినా నీళ్లు వృథా చేయొద్దని నేర్చుకున్న వాళ్లం మనం. మే నెలలో బిందెలతో ట్యాంకర్ కోసం నిలబడే బస్తీ ముందు నుంచి ఈ నీళ్లు మోరీలోకి పోతే అది ఇస్రాఫ్ కాక ఏమిటి? ఆ నీళ్లు డ్రమ్ములో పట్టి ఫర్ష్ కడగడానికి, బట్టలకు వాడే బందోబస్తు ముందే చేసుకోవాలి.

ఎండ సంగతి వేరే చెప్పాలా? రామగుండం, మంచిర్యాల పట్టీలో మే నెల 45 డిగ్రీలంటే ఖబర్ కూడా కాదు. సముద్రపు తొట్టి 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. ముప్పై దాటితే కష్టం మొదలవుతుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. ఉప్పునీళ్లలో మంచినీళ్ల కంటే ఇంకో అయిదో వంతు తక్కువ. అంటే వేడెక్కిన ఉప్పునీళ్లలో చేపకు రెండు దెబ్బలు. చిల్లర్ లేకుండా మన దగ్గర ఎండాకాలం గట్టెక్కడం ముష్కిల్. కరెంటు పోతే పంపు, చిల్లర్ రెండూ ఆగుతాయి. భూగర్భ గనిలో వెంటిలేషన్ ఫ్యాన్ ఆగితే ఏమవుతుందో ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కింద ఉన్నవాళ్లకు గాలి పైనుంచి పోవాల్సిందే. తొట్టిలో చేప పరిస్థితీ అదే. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి, నీళ్లు తిప్పే మోటార్‌కు ఇన్వర్టర్ కనెక్షన్ ఒకటి, ఈ రెండూ చేప కంటే ముందు ఇంటికి రావాలి.

అసలు పేచీ ఇక్కడుంది. మంచినీళ్ల అక్వేరియం చేపల్లో ఎక్కువ భాగం ఫారాల్లో పుట్టినవి. సముద్రపు చేపల్లో ఎక్కువ భాగం పగడపు దిబ్బల మీద పట్టి తెచ్చినవి. ఫిలిప్పీన్స్, ఇండోనేసియా దిబ్బల దగ్గర సైనైడ్ చల్లి, మత్తెక్కిన చేపను పట్టిన చరిత్ర ఉంది. చేప కొన్నాళ్లకు పోతుంది, అది దాక్కున్న పగడం అక్కడే చస్తుంది. ఈ జుల్మ్ కొత్తది కాదు. 1854లో ఇంగ్లండ్‌లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన 'ది అక్వేరియం' పుస్తకంతో ఇంటింటికీ ఈ శౌఖ్ పాకింది. జనం తీరాల మీద పడి రాళ్ల గుంటలు ఊడ్చేశారు. ఆ తీరాలు పాడైన సంగతి తర్వాత ఆయన కొడుకే రాశాడు. 2003లో 'ఫైండింగ్ నెమో' వచ్చింది. చేపను సముద్రానికి తిరిగి పంపాలని చెప్పిన సినిమా అది. దాన్ని చూసి పిల్లలు అదే చేప ఇంట్లో కావాలన్నారు.

దీనికి దారి లేకపోలేదు. నెమో జాతి చేపలను తొట్టెల్లో పొదిగించి పెంచే పద్ధతిని మన దేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో సాధించింది. ఆ చేపలు సముద్రం చూడకుండానే పుడతాయి, గాజు గోడలకు, మనం వేసే గింజ తిండికి అలవాటుపడి ఉంటాయి. దుకాణంలో మొదటి సవాల్ "ఎంత?" కాదు, "ఎక్కడ పుట్టింది?" అని ఉండాలి. జవాబు రాకపోతే వెనక్కి వచ్చేయండి. 'డోరీ' అని పిలిచే నీలం చేపను తొట్టిలో పొదిగించి పెంచడం 2016లో గానీ ఫ్లోరిడాలో సాధ్యం కాలేదు. మార్కెట్లోకి వచ్చేవి దాదాపు అన్నీ పట్టుకొచ్చినవే. పైగా అది అడుగు దాకా పెరుగుతుంది, నాలుగడుగుల తొట్టి దానికి జైలు. మాండరిన్ అనే రంగురంగుల చేప రాళ్ల మీది సూక్ష్మజీవులను తప్ప మనం వేసింది సాధారణంగా ముట్టదు. కొత్త తొట్టిలో ఆకలితో పోతుంది. సముద్ర గుర్రాలు, గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వచ్చాయి. మన సముద్రంలోంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. "అలంకరణకు అసలైన పగడం ఇస్తా" అన్నవాడికి సలాం చెప్పి రండి.

దీన్ ఏమంటుందని కొందరు అడిగారు. నేను ఆలిమ్‌ను కాదు, మదర్సాలో విన్నది చెప్తాను. అబూ ఉమైర్ అనే పిల్లవాడు చిన్న పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోతే హుజూర్ (స.అ.స.) ఆ పిల్లవాణ్ణి ప్రేమగా పలకరించారు. పెంచడం తప్పని అనలేదు. దాన్నిబట్టే, బాగా చూసుకునే షరతు మీద పిట్టలను పెంచుకోవచ్చని ఉలమాలు చెప్పారు. ఇంకో హదీసూ మనకు తెలుసు. ఒక స్త్రీ పిల్లిని బంధించింది, తిండి పెట్టలేదు, వదిలి దాని తిండి దాన్ని వెతుక్కోనీయలేదు, దానికి ఆమెకు అజాబ్ పడింది. ఈ రెండు హదీసుల మధ్య మన తొట్టి ఉంది. చేప తినడం హలాల్, అందులో సందేహం లేదు. వల వేసి పట్టి వండుకున్న కొర్రమీనుకు బాధ కాసేపే. గాజులో బంధించిన మఖ్‌లూఖ్ తన నీళ్లు తాను మార్చుకోలేదు, తన తిండి తాను వెతుక్కోలేదు. అందుకే అది అమానత్. ఎంతకాలం అంటే, తొట్టెల్లో 20 ఏళ్లు దాటి బతికిన నెమో చేపలున్నాయి. ఈ రోజు బడికి పోయే బిడ్డ నిఖా దాకా ఆ జిమ్మెదారీ మీదే.

ఒక మాట నన్ను గట్టిగా ఆలోచింపజేసింది. "ఏం భాయ్, ఈ శౌఖ్ బంజారాహిల్స్ దొరలకేనా? ముప్పై ఏళ్లు బొగ్గు తవ్వినోనికి ఇంట్ల జెరంత సముద్రం ఉండొద్దా?" అని ఒకాయన అడిగాడు. ఉండాలి. సముద్రం మనకు వందల కిలోమీటర్ల దూరం. ఇక్కడి పిల్లల్లో చాలామంది దాన్ని చూసింది టీవీలోనే. ఆ చేప ఈదుతుంటే వాళ్ల కళ్లు ఎట్లా మెరుస్తాయో పక్కింట్లో నేను చూస్తూనే ఉన్నాను. కానీ అమానత్ నియమం దొరకూ కార్మికుడికీ ఒకటే. బంజారాహిల్స్‌లో కూడా నెలకోసారి చచ్చిన చేపను తీసేసి కొత్తది వేసే తొట్టెలున్నాయి. అది శౌఖ్ కాదు, నుమాయిష్. మనం నకలు చేయాల్సింది దాన్ని కాదు.

నెలనెలా ఉప్పు, కరెంటు, ఆర్వో ఖర్చు ఇంటి బడ్జెట్‌లో కష్టమైతే మంచినీళ్ల తొట్టి పెట్టుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఉప్పునీళ్లదే కావాలంటే వానాకాలం పోయాక మొదలుపెట్టండి. చలికాలమంతా నేర్చుకోవడానికి దొరుకుతుంది. మొదటి ఏడాది తొట్టెల్లో పుట్టిన నెమో జత ఒక్కటే ఉంచండి. ఆ జత మే నెల దాటి జూన్ వానలు చూస్తే, మూడో చేప గురించి అప్పుడు మాట్లాడుకుందాం.