కెలవరపల్లి నురగ: అనుమతి ఫారంలో లేని గడి

వానాకాలంలో హోసూరు పక్కన కెలవరపల్లి జలాశయం గేట్లు ఎత్తితే చాలు, తెల్లటి నురగ పత్రికలకెక్కుతోంది. అధికారులు వచ్చి నీటి నమూనాలు పట్టుకెళ్తారు, నాలుగు రోజులకు నురగ అణుగుతుంది, మాటా అణుగుతుంది. ఈ ప్రాంతంలో మన తెలుగువాళ్లు తరాలుగా సేద్యం చేస్తున్నారు కాబట్టి దీని సంగతి కాస్త ఓపికగా చూడాలి.

దక్షిణ పినాకిని నంది కొండల్లో పుడుతుంది. నెల్లూరు మీదుగా సముద్రానికి పోయే మన పెన్నకూ అదే పుట్టిల్లు. దక్షిణ పినాకిని హొసకోట మీదుగా తమిళనాడుకు దిగి తెన్‌పెన్నై అవుతుంది. బెంగళూరు మురుగులో పెద్ద భాగం బెళ్లందూరు, వర్తూరు చెరువులు దాటి ఇందులోనే కలుస్తుంది. 2015లో వర్తూరు నురగ రోడ్డెక్కింది. అదే ఏడాది బెళ్లందూరు చెరువు మీద మంటలు లేచాయి.

శుద్ధి కేంద్రాలు లేవా అంటే ఉన్నాయి. పెద్ద అపార్ట్‌మెంట్లు సొంత ఎస్టీపీ పెట్టుకోవాలన్న నిబంధనా ఉంది. చిక్కంతా వాటిని దేనితో కొలుస్తున్నామన్న దగ్గరే. 2017 అక్టోబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన ప్రమాణాల్లో బీవోడీకి పరిమితి ఉంది, నత్రజనికి, భాస్వరానికి లేదు. 2015 ముసాయిదాలో ఉన్న నత్రజని పరిమితిని తుది ప్రతిలో తీసేశారు. 2019 ఏప్రిల్‌లో హరిత ట్రిబ్యునల్ మళ్లీ లీటరుకు నత్రజని 10 మిల్లీగ్రాములు, భాస్వరం 1 మిల్లీగ్రాము దాటరాదంది. జీవితమంతా ఫైళ్లు తిప్పినవాణ్ని, నాకు తెలిసినంతలో ఫారంలో గడి లేనిదాన్ని ఏ ఆఫీసూ అడగదు.

ఆ గడిలో ఏమి రాయాలో లెక్క కష్టమేమీ కాదు. మనిషి నుంచి రోజుకు సుమారు 10 గ్రాముల నత్రజని మురుగులోకి పోతుంది. వెయ్యి ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకు 40 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 21 కిలోలే. అంటే ఒక్క సముదాయం నుంచి దాదాపు రెండు బస్తాల యూరియా బలం, రోజూ! భాస్వరం వేరే. మామూలు ఎస్టీపీ ఇందులో కొంతే తీస్తుంది. మిగిలింది గుర్రపుడెక్కకు ఎరువు. నురగకు సబ్బులు, డిటర్జెంట్లు తోడు.

ఇంగ్లండులో రక్షిత నదుల పరీవాహకాల్లో కొత్త ఇళ్లకు అనుమతి కావాలంటే, అవి కలిపే నత్రజని, భాస్వరాలకు సమానంగా మరోచోట తగ్గించి చూపాలి. 2023లో అక్కడి ప్రభుత్వం ఈ షరతు సడలించబోతే ఎగువ సభ ఒప్పుకోలేదు. ఇళ్లు కట్టవద్దని కాదు, కిలోల లెక్క ముందే చూపమని. ఇక్కడ తెన్‌పెన్నై మీద రెండు రాష్ట్రాల వ్యాజ్యం ప్రధానంగా టీఎంసీల గురించి. వచ్చే నీటిలో ఏముందన్నది పక్కన పడిపోయింది.

తప్పంతా ఎగువవాళ్లదనీ అనలేం. బెంగళూరు ఫ్లాట్లలో ఉన్నది మన పిల్లలే. 2019లో కార్పొరేషన్ అయిన హోసూరులోనూ లేఅవుట్లు లేస్తున్నాయి. అందుకని రెండు వైపులా అడగాలి. కొత్త లేఅవుట్ అనుమతిలో నత్రజని, భాస్వరం కిలోల్లో రాయించాలి. జలాశయం దగ్గర తీసిన నమూనాల ఫలితాలు నెలనెలా బయటపెట్టించాలి. ఆయకట్టు రైతులు ఈ రెండు కోరికలూ రాసి, సర్వే నంబర్లు వేసి సంతకాలతో సంఘానికి పంపితే, కలెక్టరు గారి రైతు సమావేశంలో ఒకే అర్జీగా ఇస్తాం.